విప్పని మడత

తన చేతి కుట్టు ఎక్కడున్నా వరాలమ్మ గుర్తుపడుతుంది. ఎస్తేరు సంచిలోంచి తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టిన గౌనుని ఆవిడ కళ్ళజోడు లేకుండానే గుర్తుపట్టింది.

"ఇది నేను కుట్టిందే. ఈ పసుపు అంచు నా గద్వాల చీరది. చీర చివికిపోతే అంచు కోసి దాచుకున్నాను" అంటూ గౌను తిరగేసి, కింది అంచుని వేళ్ళతో తడిమింది. అంతలోనే మొహం మారిపోయింది. "వకుళా, ఇలా రా. చూడు. ఒక్క మడతా విప్పలేదు."

కోడలు వకుళ కాఫీ గ్లాసులతో వంటింట్లోంచి వచ్చింది.

"మూడేళ్ళయింది మనం పంపి. నేను వేసిన దారం వేసినట్టే ఉంది. అంటే ఏ పిల్లకీ తొడగలేదన్నమాట. పెట్టెలో దాచుకుని ఏ సంతలోనో అమ్ముకుందామనుకున్నారు. నడుం పడిపోయేలా ఇక్కడ మనం కుట్టడం, అక్కడ వాళ్ళు వ్యాపారం చేసుకోవడం."

"తొడిగానంటోంది పెద్దమ్మా వాళ్ళమ్మ" అంది ఎస్తేరు. "రోజూ ఇదే తొడిగానని ప్రమాణం చేస్తోంది."

"ప్రమాణానికేముంది, నోరుంటే చాలు."

ఎస్తేరు తెనాలి దగ్గర పల్లె నుంచి వెళ్ళిన నర్సు. కొరామా దేశంలో యుద్ధం మొదలైనప్పటి నుంచీ అక్కడి పిల్లల శిబిరంలో పనిచేస్తోంది. సెలవు దొరికి ఇండియా వచ్చినదల్లా, సొంత ఇంటికి కూడా పోకుండా ముందు హైదరాబాదులో దిగి వకుళ ఫ్లాట్ వెతుక్కుంటూ వచ్చింది. ఆ శిబిరాల్లో పిల్లలు తినే ముద్దని తయారుచేసింది వకుళే. ఆ సంబంధంతోనే అప్పట్లో అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళంతా కూర్చుని పిల్లలకి గౌన్లు కుట్టి పంపారు. అందరిచేతా కుట్టించింది వరాలమ్మ. ఎదిగే పిల్లకి సరిగ్గా సరిపోయేలా బట్టలు కుట్టడం ఆవిడ దృష్టిలో శుద్ధ దండగ. కింద రెండు మడతలు లోపలికి వేసి కచ్చాకుట్టు వేయాలి, పక్కల్లో కూడా గుడ్డ వదలాలి. పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కో మడత విప్పుకుంటూ పోవాలి. అక్కడి తల్లులకి అది తెలియదని, ఎలా విప్పాలో ఎస్తేరుతో చెప్పించింది కూడా.

"అసలు సంగతేంటో సరిగ్గా చెప్పు ఎస్తేరూ" అంది వకుళ.

ఎస్తేరు కాఫీ ముట్టుకోలేదు. "ఆ పిల్ల పేరు లమీ. వాళ్ళమ్మ తెసా. శిబిరంలో చేరినప్పుడు పిల్లకి ఏడేళ్ళని చేతికి పట్టీ కట్టాం. ఇప్పుడు పదేళ్ళుండాలి కదా మేడం. మొన్న వరసలో నిలబడితే చూశాను. ఏడేళ్ళ పిల్లే. పాలపళ్ళు కూడా ఊడలేదు. తెసాకి ఇంకో పిల్ల ఉండేది, చిన్నది. ఆ పిల్లని తెచ్చి అక్క పట్టీ తగిలించి ముద్ద తీసుకుంటోందనుకున్నాను."

"ఆ చిన్నపిల్ల ఇప్పుడెక్కడుంది?"

"చనిపోయిందంటుంది తల్లి. బతికే ఉందంటారు పక్క గుడారం వాళ్ళు. ఎవరి మాట నమ్మాలి? వేలిముద్రల మిషన్లు ఎప్పుడో పాడయ్యాయి. నేనే ఆ పట్టీ ఆపేశాను."

"మంచిపని చేశావు" అంది వరాలమ్మ.

"అప్పుడు నేనూ అదే అనుకున్నాను పెద్దమ్మా. తర్వాత చూస్తే అన్ని శిబిరాల్లోనూ ఇలాంటివాళ్ళు బయటపడ్డారు. ఎక్కువమంది పిల్లలు కొన్నాళ్ళుండి సరిహద్దు దాటిపోతారు. పోలేక ఏళ్ళ తరబడి మిగిలిపోయినవాళ్ళలోనే ఇది. తనిఖీకి వచ్చినవాళ్ళు, తల్లులందరూ కలిసి పిల్లల్ని మారుస్తున్నారని రాసుకున్నారు."

ఆ మాట వకుళకి కొత్త కాదు. సహాయ సంస్థ వాళ్ళు ఆమె ల్యాబ్‌నే అభిప్రాయం అడిగారు. మూడేళ్ళపాటు ఒక పిల్ల ఎదగకుండా ఉండడం సాధ్యమా? సాధ్యం కాదని వకుళ సంతకం చేస్తే, ఎస్తేరు ఇప్పటికే ఆపిన లమీ పట్టీ, అలాంటి మరికొందరి పట్టీలు కోసేస్తారు. వాళ్ళకి ఇంక ముద్ద ఉండదు. ఆ శిబిరంలో పిల్లలకి ముద్ద తప్ప వేరే తిండి లేదు, పెద్దవాళ్ళకి దొరికే పలచటి గంజి వాళ్ళకే చాలదు.

"తెసా ఈ గౌను నా చేతిలో పెట్టి, కుట్టినవాళ్ళకి చూపించమంది" అంది ఎస్తేరు. "ఎందుకో నాకూ అర్థం కాలేదు. మడత చూడమని మాత్రం సైగ చేసింది."

"చూశాం కదా" అంది వరాలమ్మ. "దొరికిపోయింది."

వెళ్ళేటప్పుడు ఎస్తేరు గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆగింది. "మేడం, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆ ముద్దలో ఏముంది?"

"నీకు తెలుసు కదా. ట్రైనింగ్‌లో చెప్పాంగా."

"మీరు చెప్పింది తెలుసు" అని ఎస్తేరు లిఫ్ట్ వైపు నడిచింది.

* * *

ముద్ద పేరు దాలి. ఆ పేరూ, ఆ ఆలోచనా రెండూ వరాలమ్మ నుంచి వచ్చినవే. పుట్టింట్లో తన చిన్నప్పుడు పెరట్లో దాలిగుంట ఉండేదని, పిడకల నిప్పు మీద కుండలో పాలు పొద్దుటి నుంచి అలా కాగుతూనే ఉండేవని, పొంగేవి కావని, అడుగంటేవి కావని ఆవిడ ఒకసారి వంటింట్లో చెప్పింది. అప్పుడు వకుళ స్టవ్ మీద పాలు పొంగిపోయి గట్టు తుడుస్తోంది. తుడుస్తూనే ఆలోచించింది. ఒంట్లోనూ మంటే కదా ఉండేది. తిండి లేని పిల్లల ఒంట్లో ఆ మంట ఉన్న కండనే కాల్చేస్తుంది. దాన్ని సన్నసెగకి దించగలిగితే, తిండి లారీ వచ్చేదాకా పిల్ల బతుకుతుంది.

అలా పుట్టిందే దాలి. రోజుకొక ముద్ద చాలు. అది తిన్న పిల్లకి ఆకలి తెలియదు, కండ కరగదు. కొద్ది వారాల కోసం తయారుచేసింది. కొరామాలో కొద్ది వారాలు నెలలయ్యాయి, ఏళ్ళయ్యాయి. పిల్లలు చావడం ఆగిపోయింది. వకుళకి శాలువాలు కప్పారు. వరాలమ్మ ఆ ఫోటో ఫ్రేమ్ కట్టించి టీవీ పైన పెట్టింది.

ల్యాబ్‌కి పెద్ద డాక్టర్ ఉపేంద్ర. సెలవు చీటీ మీద సంతకానికి వారం తిప్పించుకునే మనిషి. మర్నాడు వకుళ వెళ్ళేసరికి ఆయన అభిప్రాయాన్ని టైప్ చేయించి, పెన్ను మూత కూడా తీసి పెట్టుకుని కూర్చున్నాడు.

"సంతకం పెట్టమ్మా వకుళా. ఇందులో ఆలోచించడానికేముంది? మూడేళ్ళు ఎదగకుండా ఉండే పిల్ల ఎక్కడైనా ఉంటుందా?"

"ఉండదు సార్."

"మరి?"

"నిన్న ఒక గౌను చూశాను."

ఆమె ఎస్తేరు వచ్చిన సంగతి, మడతల సంగతి, అత్తగారి వ్యాపారం సిద్ధాంతం చెప్పింది. ఉపేంద్ర నవ్వుతాడనుకుంది. ఆడవాళ్ళ కుట్ల గురించి ఇంతకుముందు చాలా జోకులే వేశాడు. ఈసారి నవ్వలేదు.

"ఆ గౌను ఎక్కడుంది?"

"మా ఇంట్లో."

"రేపు తీసుకొచ్చి ఇక్కడ ఇచ్చేయి. అలాంటివి ఇళ్ళల్లో ఉండకూడదు."

చిరుగుల గౌను ఇంట్లో ఎందుకు ఉండకూడదో వకుళకి అర్థం కాలేదు. సంతకం రేపు పెడతానని బయటికొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే ఉపేంద్ర కారిడార్ చివరనున్న చిన్నగది తాళం తీస్తున్నాడు. కొత్తగా పుట్టిన ఎలుక పిల్లలుంటాయి ఆ గదిలో. తల్లులు బెదిరి పిల్లల్ని తినేస్తాయని ఇంకెవర్నీ లోపలికి రానివ్వడు. చేతిలో గింజల డబ్బా ఉంది. అంత పెద్ద డాక్టరు స్వయంగా ఎలుకలకి మేత వేయడం గొప్పగా అనిపించేది ఇదివరకు. ఇవాళ అలా అనిపించలేదు.

* * *

ఇంటికొచ్చేసరికి వరాలమ్మ హాల్లో కూర్చుని మేదిని స్కూలు స్కర్టు మడత విప్పుతోంది. మేదిని పక్కనే నిలబడి బిస్కెట్లు తింటోంది.

"జూన్‌లో కొన్నది, అప్పుడే మోకాళ్ళ పైకొచ్చింది" అని వరాలమ్మ సణిగింది. "దీనికి అన్నం పెడుతున్నావా, ఎరువు వేస్తున్నావా?"

"నాన్నమ్మా, మా క్లాసులో నేనే పొట్టి."

"ఆ క్లాసంతా తాటిచెట్లే అయితే నేనేం చెయ్యను? కదలకు, సూది గుచ్చుకుంటుంది."

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. వకుళ వెళ్ళి స్టవ్ కట్టేసి, కుక్కర్ దించడానికి చేతికందిన మసిగుడ్డ తీసుకుంది. దింపాక గుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది. మసి పట్టి, నూనె మరకలయి, అంచున ఒకచోట మాత్రం పసుపు రంగు మిగిలింది.

గద్వాల అంచు.

ఆమెకి గుర్తొచ్చింది. గౌన్లు కుట్టేటప్పుడు కొలత కోసం వరాలమ్మ ముందు మేదినికి ఒకటి కుట్టింది. అప్పుడు మేదినికి ఏడేళ్ళు. ఆ కొలత మీదే మిగతావి కత్తిరించారు. మేదిని ఒక ఏడాది వేసుకుంది, ఒక మడత విప్పారు. రెండో ఏడాది రెండో మడత విప్పారు. ఆ తర్వాత అది నడుం దగ్గర బిగిసిపోయి, వంటింట్లోకి వచ్చి మసిగుడ్డయింది.

వకుళ బీరువాలోంచి లమీ గౌను తెచ్చి మసిగుడ్డ పక్కన గట్టు మీద పరిచింది. అత్తగారు చూసింది కింది అంచే. వకుళ పైనుంచి చూసింది. మెడ దగ్గర చెమటకి గుడ్డ పలచబడి జాలీలా అయింది. చంకల కింద మూడు రకాల దారాలతో మాటుకుట్లు. వెనక, కూర్చునే చోట, అరిగి అరిగి పువ్వుల డిజైనే పోయింది. ఉతికి ఉతికి నీలం రంగు బూడిదైంది. ఆమె అంచు మడతని గోటితో కొద్దిగా పైకి లేపింది. లోపల దాగిన గుడ్డ మాత్రం కొత్త నీలం.

పెట్టెలో దాచిన బట్ట ఇలా అరగదు. ఒక పిల్ల దీన్ని రోజూ తొడుక్కుంది, ఉతుక్కుంది, మళ్ళీ తొడుక్కుంది. మూడేళ్ళు తొడుక్కుని కూడా మడత విప్పాల్సిన అవసరం రాలేదు.

అక్కచెల్లెళ్ళు మార్చి మార్చి తొడుక్కుని ఉండొచ్చు కదా అని తనకు తాను చెప్పుకోబోయింది. తొడుక్కున్నా మూడేళ్ళలో పెద్దపిల్లకైనా మడత విప్పాల్సి రావాలి.

"అమ్మా, ఆకలేస్తోంది" అని మేదిని వంటింట్లోకి వచ్చింది. చేతిలో ఇంకా బిస్కెట్ ప్యాకెట్ ఉంది.

వకుళ కూతురి వైపు చూసింది. పై పళ్ళ వరసలో కొత్తగా వచ్చిన పన్ను ఒకటి వంకరగా, పెద్దగా, మొహానికి నప్పకుండా ఉంది. దానికి క్లిప్పు పెట్టించాలని నిన్నటిదాకా బెంగపడింది.

* * *

మర్నాడు గౌను తీసుకెళ్ళలేదు. ఉపేంద్ర చిన్నగది తాళం తీసి లోపలికి వెళ్ళేదాకా కారిడార్‌లో నిలబడి, ఆయన వెనకే వెళ్ళింది.

"లోపలికి రావద్దన్నానా?"

"తల్లులు ఏవి సార్?"

గదిలో ఉన్నవి మూడు బోనులే. మొదటిదాంట్లో వేలెడేసి ఎలుక పిల్లలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. తల్లి ఎలుక ఎక్కడా లేదు. వకుళ చెయ్యి పెట్టి ఒకదాన్ని పట్టుకుంది. చెవికి కత్తిరింపు గుర్తు ఉంది. ఎడమ చెవికి రెండు గాట్లు, కుడి చెవికి ఒక చిల్లు. నాలుగేళ్ళ కిందటి ట్రయల్‌కి ఆమె తన చేత్తో పెట్టిన గుర్తు. ఆ తర్వాత మళ్ళీ ఏ ఎలుకకీ ఆ గుర్తు వాడలేదు.

"ట్రయల్ అయ్యాక వీటిని చంపేశామన్నారు."

"అన్నాను." ఉపేంద్ర గింజల డబ్బా కింద పెట్టాడు. "నాకు మొదటి నుంచీ అనుమానం వకుళా. మంట తగ్గిస్తే అన్నీ తగ్గుతాయి కదా, మనకి కావలసింది ఒక్కటే తగ్గి ఊరుకుంటుందా? అందుకే కొన్నిటిని అట్టిపెట్టి దాలి మీదే ఉంచాను. అవి ఆగిపోయాయి. ముసలివి కాలేదు, పెద్దవి కాలేదు. అలా ఉండిపోయాయి."

"నాకు చెప్పలేదు."

"చెబితే ఏం చేసేదానివి? ఆపేయమనేదానివి. ఆ రెండో బోను చూడు."

రెండో బోను ఖాళీ.

"వాటికి దాలి ఒక్కసారిగా ఆపాను. మంట ఒక్కసారి ఎగిసింది. ఏం పెట్టినా చాలలేదు, బోను చెక్క కొరికి తిన్నాయి. ఒక్కటీ మిగల్లేదు."

మూడో బోనులో మూడు బలిసిన ఎలుకలు మూల పడుకుని ఉన్నాయి. వాటి చెవులకీ అదే గుర్తు.

"వీటికి కడుపునిండా గింజలు పెడుతూ, దాలి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాను. ఎదిగాయి. అంటే మార్గం ఉంది. కానీ ఆ దేశానికి గింజలెవరు పంపుతారు? మొదట్లో లారీలు వెళ్ళేవి, గుర్తుందా? పిల్లలు చావడం ఆగిపోయాక ఎవరికీ తొందర లేకపోయింది. ముద్ద చవక. లారీలు ఆపేశారు. ఇప్పుడు మన ముద్ద మంచిది కాదని చెప్పామనుకో, ముద్దా ఆగిపోతుంది. అప్పుడు ఆ శిబిరాలన్నీ ఈ ఖాళీ బోనే."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెని భయపెట్టింది.

"అయితే తల్లులు దొంగలని నన్నెందుకు రాయమంటున్నారు?"

"కొన్ని పట్టీలు పోతాయి. మిగతా వాళ్ళందరికీ ముద్ద ఆగదు. ఎవరూ ఇంకేమీ అడగరు."

"ఆ కొన్నిట్లో లమీ ఉంది సార్. తనకి ముద్ద ఇప్పటికే ఆపేశారు. ఒక్కసారిగా."

ఉపేంద్ర ఖాళీ బోను తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. లోపల ఏమీ లేని బోనుకి గొళ్ళెం ఎందుకో ఆయనకే తెలియాలి. "నేను నిజం దాచాను గానీ తిండి దాచలేదమ్మా. నాకూ మనవరాళ్ళున్నారు" అన్నాడు.

* * *

తెనాలికి ఫోన్ చేస్తే ఎస్తేరు బట్టలు సర్దుకుంటోంది. సెలవు ఇంకా చాలా ఉంది.

"వెళ్ళిపోతున్నాను మేడం. అక్కడి నుంచి కబురొచ్చింది. లమీ మట్టి తింటోందంట. గుడారం తాళ్ళు కొరుకుతోందంట. వాళ్ళమ్మ తన ముద్ద పెడదామంటే పెద్దవాళ్ళకి ముద్ద ఉండదు కదా."

"ఎస్తేరూ, విను. ఆ పిల్లకి ముద్ద వెంటనే మొదలుపెట్టించు. సగమైనా సరే. ఆ పిల్ల లమీయే. చెల్లెలు కాదు."

"నేను తెసాని దొంగ అన్నాను మేడం. అందరి ముందూ."

"గౌను పార్సిల్ చేస్తాను. నువ్వే తీసుకెళ్ళి ఇచ్చేయి."

వకుళ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అభిప్రాయం రాయడం మొదలుపెట్టింది. వరాలమ్మ ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. కోడలు చెప్పిందంతా విన్నా, ఇంకా పూర్తిగా నమ్మినట్టు లేదు.

"ఇంతకీ ఆ తల్లి దొంగ కాదంటావు."

"కాదు అత్తయ్యా."

"మరి దొంగెవరు?"

వకుళ కీబోర్డు మీదనుంచి చేతులు తీసింది. వరాలమ్మ సమాధానం కోసం చూడలేదు. టీవీ పైనున్న శాలువా ఫోటో వైపు చూసి, మళ్ళీ చిక్కుళ్ళలోకి తల దించుకుంది.

"ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

"వాళ్ళు లారీలు పంపుతారా?"

"తెలీదు."

"తెలీకుండానే రాస్తున్నావా? ముద్ద కూడా ఆపేస్తే?"

"అందుకే ఒక్కసారిగా ఆపొద్దని మొదటి వాక్యమే రాశాను. తిండి పంపుతూ తగ్గించమని రాశాను."

వరాలమ్మ ఇంకో నాలుగు చిక్కుళ్ళకి ఈనెలు తీసింది. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. "దాలిలోంచి సాయంత్రానికి పాలు తీసేసేవాళ్ళం. తీసి తోడు పెట్టేవాళ్ళం. ఆ మాట నీకు చెప్పానో లేదో."

వకుళ అభిప్రాయాన్ని సహాయ సంస్థకి ఒక్కదానికే పంపలేదు. పంపితే ఎవరో ఒకరు దాన్ని ఏదో బీరువాలో పెడతారని ఆమెకిప్పుడు అనుమానం. శిబిరాల నర్సులందరికీ పంపింది. "ఈ పిల్లలు వాళ్ళే. తల్లులు అబద్ధం చెప్పడం లేదు. తప్పు నేను చేసిన ముద్దలో ఉంది" అని రాసి, కింద తన పేరు పెట్టింది.

* * *

తర్వాత జరిగినవన్నీ ఒక వరసలో జరగలేదు. కొన్ని శిబిరాల్లో మొదటి వాక్యం పట్టించుకోకుండా, భయంతో ముద్ద మొత్తం పారబోశారు. అక్కడికి లారీలు ఆలస్యంగా చేరాయి. ఎంత ఆలస్యమైందో వకుళకి తెలుసు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. కొన్ని శిబిరాలకి పప్పు, బియ్యం, నూనె వెళ్ళాయి. ఎస్తేరు శిబిరం వాటిలో ఒకటి. పిల్లలు ఎదుగుతున్నట్టు తనిఖీ వాళ్ళకి కనిపిస్తేనే లారీలు కొనసాగుతాయని షరతు.

వకుళని విచారణ పేరుతో ఇంట్లో కూర్చోబెట్టారు. మూడు బోనుల సంగతి ఉపేంద్ర తనంతట తానే బయటపెట్టాడు. ఆమెని కాపాడడానికి పెట్టాడో, తను బయటపడడానికి పెట్టాడో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు. అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు లిఫ్ట్‌లో పలకరించడం తగ్గించారు. ఒకావిడైతే, "మీ ఇంట్లో పిల్లకేం పెడతారండీ?" అని అడిగేసింది. వరాలమ్మ ఆవిడకి ఇచ్చిన జవాబు మూడో అంతస్తు దాకా వినిపించింది. శాలువా ఫోటో మాత్రం ఎవరూ తీయకుండానే టీవీ పైనుంచి మాయమైంది.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం ఎస్తేరు వీడియో కాల్ చేసింది. వకుళ ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించింది. అత్తగారు కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, మీ గౌను చూడండి" అని ఎస్తేరు నవ్వుతూ గౌనుని కెమెరా ముందు పట్టుకుంది. కింద ఒక మడత విప్పి ఉంది. బూడిద రంగు గౌను అంచున వేలెడు వెడల్పున కొత్త నీలం.

వకుళ నవ్వబోయింది. అంతలోనే ఆగింది.

"తనిఖీ వాళ్ళు ఎప్పుడొస్తున్నారు?"

"వచ్చే వారం మేడం. ఏం?"

"మడత ఎవరు విప్పారు?"

"తెసా."

వరాలమ్మ కోడలి వైపు చూసింది. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. లారీలు ఆగకూడదంటే ఏ తల్లయినా సూది పట్టుకుంటుంది.

"తొడిగి నిలబెట్టమను" అంది వరాలమ్మ.

లమీ వచ్చింది. సన్నటి కాళ్ళు, పెద్ద కళ్ళు, ఎవరో మాటిమాటికీ నిలబెట్టి కొలిచే పిల్లలకుండే బిగుసుకుపోయిన భుజాలు. గౌను తొడుక్కుని నిలబడింది. అంచు పిక్కల మీదికి వచ్చింది. అంతకుముందు ఎక్కడికి వచ్చేదో వకుళ చూడలేదు. ఎస్తేరు ఫోన్ పైకి ఎత్తింది, కిందికి దించింది. ఆ చిన్న తెరలో పిల్ల ఒకసారి పొడుగ్గా కనిపించింది, ఒకసారి పొట్టిగా.

"నాకేం తెలియడం లేదు" అంది వకుళ. గొంతులో తనకే నచ్చని కరకుదనం వినిపించింది.

పిల్ల వెనక నిలబడ్డ ఆడమనిషి ఆ భాష అర్థం కాకపోయినా ఆ గొంతు అర్థమైనట్టుగా ముందుకొచ్చింది. తెసా. తలకి కట్టుకున్న గుడ్డ చివర ఒక ముడి ఉంది. పళ్ళతో ఆ ముడి విప్పి, అరచేతిలో ఏదో పెట్టుకుని కెమెరాకి దగ్గరగా చూపించింది. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, తెల్లగా.

తర్వాత కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది. లమీ నోరు తెరిచింది. ముందు వరసలో ఒక ఖాళీ. ఆ ఖాళీలో, చిగురు చీల్చుకుని వస్తున్న కొత్త పన్ను అంచు, రంపపు పళ్ళలా.

వరాలమ్మ చేత్తో నోరు మూసుకుంది.

తెసా గబగబా ఏదో చెప్పింది. ఎస్తేరు వెంటనే తెలుగులోకి మార్చలేదు. ఒకసారి కళ్ళు తుడుచుకుంది.

"పన్ను ఊడిన రోజే ఏట్లో వేసెయ్యాలంట మేడం వీళ్ళ ఆచారం. అట్టిపెట్టుకుంటే కొత్త పన్ను సరిగ్గా రాదని భయం. అయినా దాచానంటోంది. చూపించకపోతే మీరు నమ్మరని."

వకుళ ఫోన్‌కి దగ్గరగా వంగింది. "చూశామని చెప్పు ఎస్తేరూ. నమ్మామని చెప్పు. ఇంక వేసెయ్యమను. ఇవాళే వేసెయ్యమను."

ఎస్తేరు చెప్పింది. తెసా విని, తెరలోంచి వకుళనే చూస్తూ ఒక చిన్న ప్రశ్న అడిగింది.

"ఏమంటోంది?"

"ఇంకెవరూ అడగరా అంటోంది."

వచ్చే వారం తనిఖీ ఉంది. ఆ తర్వాత ఇంకొకటి ఉంటుంది. వకుళ తెర మీంచి కళ్ళు పక్కకి తిప్పుకుంది. తెసా అది చూసింది. పాలపన్నుని మళ్ళీ తలగుడ్డ చివర పెట్టి, ముడి వేసి, పళ్ళతో గట్టిగా బిగించుకుంది.